డిపో గోడ మీద సగం మాట

పెద్దక్షరం బాబాయ్ రాసిన బోర్డు చదవకుండా ఆ ఊళ్ళో తప్పించుకు తిరిగేవి కుక్కలు మాత్రమే. వాటికి చదువు రాదు కాబట్టి బతికిపోయాయి. మిగతా జనానికి ఆ అదృష్టం లేదు. మంగలి షాపుకి బోర్డు రాయమంటే నాలుగు వీధుల అవతలికి కనపడేలా రాశాడు. పళ్ళ డాక్టరు బోర్డు మీద ఆయన వేసిన పన్ను ఎంతుంటుందంటే, దాన్ని చూసినవాళ్ళు తమ నోట్లో పళ్ళు ఉన్నాయో లేవోనని ఓసారి నాలికతో తడుముకుంటారు. ఆయన బోర్డుల కింద నిలబడి వాన తప్పించుకున్నవాళ్ళూ ఉన్నారు.

"ఎందుకు బాబాయ్ అంత లావు అక్షరాలు?" అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"బస్సులో కిటికీ పక్కన ఒకడు కునుకుతుంటాడు. గతుకు తగిలితే ఒక కన్ను తెరుస్తాడు. ఆ ఒంటికన్నుతో చదివేసి మళ్ళీ పడుకోవాలి. అలా చదవలేకపోతే అది అక్షరం కాదురా, చీమ."

ఇంట్లోనూ ఇదే రోగం. వంటగదిలో ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని మొదలుపెడితే చోటు చాలక మూత మీదికి పాకింది. ఆయన భార్య మేడ కింద పరుపుల కార్ఖానాలో దిండ్లు కుడుతుంది. దూది దుమ్ముతో ఇంటికొచ్చి ఆ డబ్బా చూసి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఇంట్లో ఉండేది మనిద్దరం. ఎవరికండీ ఇది, ఎదురింటివాళ్ళకా?"

"ఎదురింటావిడ ఉప్పు బదులడగడానికి వస్తే వెతుక్కోకూడదు కదే."

"రాకముందే కిటికీలోంచి చదువుకుని వస్తోంది. అదీ నా బాధ."

నిజానికి ఆ ఇంట్లో ఉండాల్సింది ఇద్దరు కాదు, ముగ్గురు. ఆ మూడోవాడు ఆవిడ తమ్ముడు. వాడు పాకే వయసులోనే తల్లి పోయింది. అక్క పెళ్ళికూతురై అత్తారింటికి వస్తూ వాణ్ణి చంకనేసుకుని వచ్చింది. పెళ్ళికొడుకు ఏమీ అనలేదు. అనేలోపు పిల్లాడు ఆయన కొత్త చొక్కా తడిపేశాడు. అప్పటినుంచీ వాడు బామ్మర్ది, ఆయన బావ. పిల్లలు పుట్టని ఆ ఇంట్లో వాడే కొడుకు, వాడే తమ్ముడు, వాడే దొంగ. బావ దగ్గర బ్రష్షు పట్టడం నేర్చుకోరా అంటే వాడు గీసిన గీత పాములా పారిపోయేది. పళ్ళ డాక్టరు బోర్డు మీది పన్నుకి మీసాలు పెట్టింది వాడేనని ఊరందరికీ తెలుసు. డాక్టరుకి మాత్రం ఈనాటికీ తెలీదు.

అలాంటివాడు వెళ్ళి సైన్యంలో చేరాడు. చేరినవాణ్ణి సముద్రం అవతలికి పంపారు. అక్కడ రెండు దేశాలు కొట్టుకుంటున్నాయి. అందులో ఒకదానికి మన దేశం ఎప్పుడో మాటిచ్చింది, నీకు కష్టమొస్తే మేమున్నామని. కష్టమొచ్చింది. వీడు వెళ్ళాడు. ఒక నది, దాని మీద ఒక వంతెన, ఆ వంతెనకి కాపలా. వీడు చేసే యుద్ధమంతా అదే.

ఆదివారాలు ఫోన్ చేసేవాడు.

"ఏరా బామ్మర్దీ, బతికే ఉన్నావా?"

"నువ్వుండగా నాకేం తొందర బావా? పెద్దవాడివి, ముందు నువ్వు కానియ్."

అక్క ఫోన్ లాక్కునేది. తిన్నావా, పడుకున్నావా, ఎప్పుడొస్తావు. ఎప్పుడూ ఆ మూడే ప్రశ్నలు. మూడోదానికి వాడి దగ్గర జవాబు ఖాయంగా ఉండేది. "మా బదులు దళం వచ్చి దిగగానే మేం ఓడెక్కుతాం అక్కా. వానలు తగ్గాక వస్తున్నారు." అక్కడి పద్ధతి అదే. కాపలా ఒక్క క్షణం ఖాళీగా ఉండకూడదు. బదులు మనిషి వచ్చి నిలబడితేగానీ ముందున్నవాడు కదలడానికి లేదు.

అక్క వాడి గది దులిపింది. కింద కార్ఖానాలో వాడికోసం ఒక పరుపు తనే కుట్టింది. దూది రెండింతలు కూరింది. అది పరుపులా లేదు, ఏనుగు పిల్లలా ఉంది.

వీధి చివర టీకొట్టు. దాని యజమానిని అందరూ రేడియో అంటారు, ఆపేవాళ్ళు లేరు కాబట్టి. ఆ కొట్లో రోజూ యుద్ధమే. గ్లాసులు కడుగుతూ కూడా రేడియో మాట్లాడుతూనే ఉంటాడు.

"మాటిచ్చాక తప్పుకుంటే దేశానికి పరువుంటుందా పెద్దక్షరం? ఇవాళ వాళ్ళకి మనం వెళ్ళకపోతే, రేపు మన మీద పడితే ఎవడొస్తాడు? నీ బోర్డులొస్తాయా?"

"పక్కింట్లో మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే విడిపించడానికి వెళ్తాం. బాగానే ఉంది. కానీ వాళ్ళింట్లోనే కాపరం పెడతామా? మనింట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

"నీ బామ్మర్ది ఉన్నాడని నీకా బాధ."

"నీ కొడుకు ఇక్కడ లారీలు తోలుకుంటున్నాడని నీకా ధైర్యం."

రేడియో కొడుకూ సైన్యంలోనే. కాకపోతే ఊరికి దగ్గర్లోనే, సామాను లారీల మీద. సెలవు దొరికితే వచ్చి నాన్న కొట్టు ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. తండ్రి దేశం పరువు గురించి గొంతు చించుకుంటుంటే కొడుకు బిస్కెట్లు తింటుంటాడు.

ఈ వాదనలో గెలిచినవాళ్ళు లేరు. ఒకసారి ఫోన్లో బామ్మర్దినే అడిగాడు బాబాయ్, నువ్వే చెప్పరా, అక్కడ మనం ఉండాలా వద్దా అని. ఈసారి వాడు వేళాకోళం ఆడలేదు.

"పొద్దున్నే ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని వంతెన దాటి సంతకెళ్తారు బావా. మేం ఉంటే దాటుతారు. ఒకరోజు పొగమంచులో మేం కనపడకపోతే ఎవరూ దాటలేదు. ఎందుకున్నానో నాకు తెలీదు. లేకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు." మళ్ళీ వెంటనే, "కానీ నేనే ఉండాలా? ఎప్పటికీ నేనేనా? నాకు ఇంటికి రావాలనుంది, అంతే," అన్నాడు.

ఆ మాటతో బాబాయ్ లెక్కల టీచరమ్మ గడప తొక్కాడు. రిటైరైన ఆవిడ అప్పటికే సైనికుల తల్లుల్ని, అక్కల్ని పోగేసి కమిటీ పెట్టింది. ఆవిడ మనవడు ఆ యుద్ధానికే వెళ్ళి ఒక చెయ్యి పోగొట్టుకుని వచ్చాడు. పరాయి యుద్ధాలకి మనవాళ్ళని పంపడానికి ఒక హద్దు పెట్టే చట్టం కావాలి. అదీ ఆవిడ పట్టు. ఊరూరా గోడల మీద రాయించాలని అనుకుంటున్నారు. ఈ ఊళ్ళో బస్ డిపో గోడ దొరికింది. అంతకన్నా మంచి గోడ లేదు, ఎదురుగా పెద్ద రోడ్డు, పక్కనే బస్సులు.

టీచరమ్మ కాగితం మీద రాసి ఇచ్చింది. వెళ్ళినవాళ్ళని వెనక్కి రప్పించండి, ఇక ఒక్కరినీ పంపొద్దు.

బాబాయ్ గోడ ముందు నిలబడ్డాడు. దారానికి సుద్దపొడి పట్టించి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస మేకుకి కట్టి, గోడ ఈ చివరనుంచి ఆ చివరకి గీత కొట్టాడు. గోడకి నడిమధ్యన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. దాని కంచె అటువైపు సగం గోడని మింగేసింది. ఇటువైపు మిగిలిన ముక్కలో రెండు మాటలూ పట్టాలంటే అక్షరం జానెడు కూడా ఉండదు.

"పట్టదండీ టీచరమ్మగారూ."

"చిన్నగా రాయవయ్యా."

"చిన్నగా రాయడానికి నేనెందుకండీ, చీమలున్నాయిగా. రెండిట్లో ఒకటి చెప్పండి. బ్రహ్మాండంగా రాస్తాను."

ఇద్దరూ రోడ్డు దాటి అవతలికి వెళ్ళి, కళ్ళు చిట్లించి, గోడని చూశారు. మొదటి మాట పొడుగు. రెండో మాట పొట్టి, కొట్టినట్టుంటుంది. బాబాయ్‌కి రెండోది నచ్చింది. ఒంటికన్నుకి సరిపోతుంది. టీచరమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "పంపడమే ఆపితే రప్పించక ఏం చేస్తారులే. రాయి," అంది.

రాశాడు. ఆయన చేసిన వాటిలోకెల్లా అందమైన పని అది. తెల్లటి గోడ మీద నల్లటి అక్షరాలు, ఒక్కొక్కటి మనిషంత. ఇక ఒక్కరినీ పంపొద్దు.

ఒక పేపరువాడు దాన్ని ఫొటో తీశాడు. అక్కణ్ణించి అది నడిచిపోయింది. పక్క ఊళ్ళో గోడల మీద అదే మాట, అదే అక్షరాలు, ఆయన ఒంపులతో సహా ఎవరో దించేశారు. ఊరేగింపుల్లో అదే మాట. చొక్కాల మీద అదే మాట. టీచరమ్మ రాసిచ్చిన మొదటి మాట ఎవరికీ గుర్తు లేదు. ఎక్కడా రాస్తేగా గుర్తుండడానికి.

ఆ ఆదివారం ఫోన్లో బామ్మర్ది నవ్వు ఆగలేదు. "బావా, పేపర్లో నీ గోడ చూశాం. ఇక్కడ అందరికీ చెప్పా, ఆ రాసింది మా బావేనని. ఈలలేశారు. మా సార్ కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వచ్చేస్తున్నాం బావా, పరుపు సిద్ధం చెయ్యమను."

"పరుపు ఎప్పుడో సిద్ధంరా. నువ్వు దానిమీదికి ఎక్కాలంటే నిచ్చెన కావాలి."

చట్టం రానే వచ్చింది. టీకొట్లో టీవీ ముందు ఊరంతా మూగింది. మంత్రిగారు మైకు సర్దుకున్నారు. ప్రజలు గోడల మీద రాసిన మాటే మా మాట, ఈరోజునుంచి పరాయి యుద్ధాలకి కొత్తగా ఒక్క సైనికుణ్ణీ పంపబోము అన్నారు. అంతే, కొట్టు కప్పు లేచిపోయింది. కుర్రాళ్ళు బాబాయ్‌ని భుజాల మీదికెత్తారు. ఆయన తల ఫ్యానుకి తగలబోయింది. మంత్రిగారు ఇంకో వాక్యం కూడా చదివారు. ఆ గోలలో అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

మేడ కింద కార్ఖానాలో దిండు కుడుతున్న ఆయన భార్య మాత్రం పాత ట్రాన్సిస్టర్‌లో ఆ రెండో వాక్యం విన్నది. ఇప్పటికే విదేశాల్లో ఉన్న దళాలు తమ బాధ్యత పూర్తయ్యేవరకు అక్కడే కొనసాగుతాయి. నమ్మలేక అదే వార్త మళ్ళీ చదివేదాకా చెవి ఆనించి విని, సూది గుడ్డలోనే వదిలేసి పైకొచ్చింది. ఇంట్లో అప్పటికే బాబాయ్ పక్కన టీకొట్టు రేడియో కూర్చుని ఉన్నాడు, చేతిలో మిఠాయి పొట్లం. మనిషి ఏడుస్తున్నాడు. ఏడుస్తూ కూడా మాట్లాడుతున్నాడు.

"నీ చెయ్యి ఇలా ఇవ్వవయ్యా పెద్దక్షరం, కళ్ళకద్దుకుంటాను. ఎన్ని మాటలన్నాను నిన్ను. మావాడికి ఆర్డరు వచ్చింది, ఎవరికీ చెప్పుకోలేదు. పరువూ పరువూ అని అరిచిన నోరు కదా, ఎలా చెప్పుకోను? వాళ్ళమ్మ అన్నం మానేసింది. నీ అక్షరం ఆపిందయ్యా వాణ్ణి. నీ అక్షరమే ఆపింది."

బాబాయ్ కంగారుగా ఆయన వీపు నిమురుతున్నాడు. గుమ్మంలోంచి భార్య అడిగింది.

"అన్నయ్యా, మీవాడికి ఎక్కడికని ఆర్డరు వచ్చింది?"

"అక్కడికేనమ్మా. నది దగ్గరికి. మీ తమ్ముడివాళ్ళ..." అని రేడియో ఆగిపోయాడు. పుట్టాక మొదటిసారి ఆగిపోయాడు.

మీ తమ్ముడివాళ్ళ బదులు. ఆ మాట అనక్కర్లేకుండానే ముగ్గురికీ వినపడింది. బదులు వెళ్ళేవాళ్ళు లేకపోతే ఉన్నవాళ్ళు కదలరు. ఒక్కరినీ పంపొద్దంటే, పంపలేదు.

రేడియో పొట్లం అక్కడే వదిలేసి, చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కాళ్ళకి వేసుకోవడం మర్చిపోయాడు. ఆవిడ పొట్లం తీసి గట్టు మీద పెట్టి, మళ్ళీ కిందికి కుట్టడానికి వెళ్ళిపోయింది. మొగుణ్ణి నాలుగు తిట్టుంటే బాగుండేది.

నాలుగు రోజులు బ్రష్షు పట్టలేక తిరిగి, బాబాయ్ టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ వరండాలో ఒంటరిగా కూర్చుని ఉంది. కిందటి వారం కూడా అదే వరండాలో నిలబడడానికి చోటుండేది కాదు.

"రెండు మాటలూ రాసుంటే..." అన్నాడు.

"ఏమోనయ్యా. రెండూ రాసినా సర్కారువాళ్ళు తమకి చవకయిందే ఏరుకునేవాళ్ళేమో. ఆపడం తేలిక. ఓడ బయల్దేరదు, అంతే. రప్పించాలంటే అక్కడ వంతెన ఎవరికి అప్పజెప్పాలో తేల్చాలి, మాటిచ్చినవాళ్ళకి మొహం చూపించాలి. అంత పని ఎవరు చేస్తారు?"

"మీరు సరే అన్నారు కదండీ."

"అన్నాను. లెక్కల టీచర్ని. ఒకటి తీసేస్తే రెండోది దానంతట అదే వస్తుందనుకున్నాను."

"మళ్ళీ మీటింగు పెడదాం."

"పెట్టాను. మనతో వచ్చినవాళ్ళలో చాలామంది పిల్లలు ఇంకా ఇక్కడే ఉన్నారు, ఇక వెళ్ళరు. ఎందుకొస్తారు? మొన్న ముగ్గురొచ్చారు. ఒకావిడ తన గొడుగు ఇక్కడ మర్చిపోయానని వచ్చింది."

ఆ రోజంతా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు భార్యే నోరు తెరిచింది.

"గోడ ఉంది, రంగుంది. బదులు పంపండని రాయండి. మీరు రాస్తే వింటారుగా."

బాబాయ్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద వీధిలో రేడియో కొడుకు నాన్న కొట్టు ముందు బల్ల తుడుస్తున్నాడు. ఏదో పాట ఈలేస్తున్నాడు, శ్రుతి లేకుండా.

"ఎవర్ని పంపమనను?"

ఆవిడ కూడా వచ్చి చూసింది. "దాయాది చావు కోరతాడు, బావ బతుకు కోరతాడంటారు," అంది ఎవరితోనో అన్నట్టు. తర్వాత వెళ్ళి బియ్యం కడిగింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

బదులు పంపమని రాయలేడు. కానీ మొదటి మాట ఉందిగా, మిగిలిపోయింది. మార్కెట్ వెనక పొడవాటి గోడ ఒకటి అడిగి పుచ్చుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ లేదు, కంచె లేదు. పొద్దున్న మొదలుపెట్టి ఎండలో, నిచ్చెన తనే జరుపుకుంటూ, తన జన్మలో ఎన్నడూ రాయనంత పెద్ద అక్షరాలు రాశాడు. వెళ్ళినవాళ్ళని వెనక్కి రప్పించండి. గుడ్డివాడు కూడా తడుముకుని చదివేలా ఉన్నాయి.

తర్వాత బస్సెక్కి ఆ గోడ పక్కనుంచి వెళ్ళాడు. జనం చూస్తున్నారు, చదువుతున్నారు. ముందు సీట్లో ఒకడు కన్ను తెరిచి చదివి, పక్కవాణ్ణి కదిలించాడు.

"ఇదేంట్రా ఇంకా ఉంది? ఆపేశారుగా ఆ గొడవ."

"పాతదేమోలే. ఎవడు చెరుపుతాడు?" అని రెండోవాడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

బాబాయ్ దిగాల్సిన స్టాపు దాటిపోయింది. కనపడకపోతేనే జనం పట్టించుకోరని ఇన్నేళ్ళూ నమ్మాడు. వీళ్ళు శుభ్రంగా చూశారు. చదివారు. పడుకున్నారు. ఇంతకన్నా పెద్ద అక్షరం ఆయన దగ్గర లేదు.

బామ్మర్ది ఫోన్ చేసినప్పుడు, బాబాయ్ అక్కకి వినపడకుండా ఫోన్ మేడ మెట్ల మీదికి తీసుకెళ్ళి చెప్పేశాడు. ఆ మాట ఎంచింది నేనేరా, మొదటిది వదిలేసింది నేనే, గోడ చాలలేదని.

"ఊరుకో బావా. మేమూ ఈలలేశాంగా. ఇంతమందిమి చదివాం, ఒక్కడికీ తట్టలేదు, మన బదులువాళ్ళు కూడా ఆ పంపొద్దన్నవాళ్ళలోనే ఉన్నారని." మళ్ళీ తనే, "జ్వరాలొచ్చినవాళ్ళని, దెబ్బలు తగిలినవాళ్ళని ఇంటికి పంపించేస్తున్నారు. వాళ్ళ జాగాలోకి ఎవరూ రావట్లేదు. వంతెనకి అటు నలుగురం, ఇటు నలుగురం ఉండేవాళ్ళం. ఇప్పుడు ఇటు నేను. అటు ఇంకొకడు. చెయ్యి ఊపుకుంటాం," అన్నాడు.

"ఆడవాళ్ళు సంతకెళ్తున్నారా?"

"వెళ్తున్నారు. మమ్మల్ని లెక్కపెట్టుకుని వెళ్తున్నారు. మొన్న ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. భాష రాదు. నువ్వూ వెళ్ళిపోతావా అనే అనుకుంటా. ఇంకేం అడుగుతుంది?"

వానలు తగ్గాయి. చలి వచ్చింది. టీకొట్లో ఇప్పుడు యుద్ధం మాట ఎవరూ ఎత్తరు. రేడియో నోరు సగానికి సగం తగ్గింది. బాబాయ్ వస్తే టీ తనే తెచ్చి చేతికిస్తాడు, కళ్ళలోకి చూడడు. బోర్డులు మాత్రం వస్తూనే ఉన్నాయి. బాబాయ్ రాస్తూనే ఉన్నాడు, అదే సైజు. చేతికి వేరేది రాదు.

ఒక ఆదివారం ఫోన్ అక్కే ఎత్తింది. తిన్నావా అంది. పడుకున్నావా అంది. మూడోది నోటిదాకా వచ్చిందిగానీ అడగలేదు. ఈమధ్య అడగడం లేదు. అటునుంచి వాడి గొంతు హుషారుగానే ఉంది.

"చలికి తట్టుకోలేకపోతున్నామక్కా. అందుకని గుడారాలు పీకేశాం. ఊళ్ళోవాళ్ళు ఇటుకలిచ్చారు. గది కట్టుకుంటున్నాం. తాపీపని నేర్చుకున్నాను తెలుసా? బావకి చెప్పు, ఇప్పుడు నా గీత వంకర పోవట్లేదని."

"మంచిది నాన్నా," అంది అక్క. "కిటికీ పెట్టుకోండి."

ఫోన్ పెట్టేసింది. ఏమన్నాడే వాడు అని బాబాయ్ అడిగాడు.

"గుడారమైతే విప్పుకుని వస్తారండి," అంది ఆవిడ. "ఇటుకలతో కట్టుకుంటున్నారట."

ఆవిడ తమ్ముడి గదిలోకి వెళ్ళి ఆ పరుపు ఒక్కతే మంచం మీదినుంచి లాగబోయింది, కదల్లేదు. ఆయన వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాడు. కింద కార్ఖానాలో దూది కొరతగా ఉందట, ఎవరో పెళ్ళికి పరుపులు అర్జెంటుగా కావాలట, దీని దూది తీసి ఇచ్చేస్తుందట. ఇద్దరూ దాన్ని మెట్ల మీదుగా దించుతుంటే మలుపులో ఇరుక్కుంది. అక్కడే కాసేపు ఆగారు, ఆయన పైమెట్టు మీద, ఆవిడ కిందమెట్టు మీద, మధ్యలో పరుపు. ఒకరి మొహం ఒకరికి కనపడలేదు.